చిలకపచ్చ చొక్కా గల మానవాకారం

కోటిలింగానికి ప్రభుత్వం మీద కోపం లేదు. కంప్యూటరు మీద అంతకన్నా లేదు. ఆయన కోపమంతా భార్య తమ్ముడు గుడిపూడి ఏడుకొండలు మీదే. చొక్కా ఇచ్చినందుకు కాదు. బిగుతైపోయిన చొక్కాను ఎవడైనా ఎవడికైనా ఇస్తాడు. ఇచ్చిన చొక్కాను తొడుక్కోమన్నందుకు. ఈ మాట ఆయన టీ కొట్టు దగ్గర చెబుతాడు, బస్సులో పక్క సీటువాడికి చెబుతాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు. విన్నవాళ్ళు "చొక్కా తొడుక్కుంటే పొలం పోవడమేందయ్యా" అని నవ్వుతారు. నవ్వేవాళ్ళ కోసం మొదటినుంచీ చెప్పాలి.

ఊళ్ళో పొలాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించిన కొత్తలో ఒక చిక్కు వచ్చిపడింది. మండలం ఆఫీసులో కరెంటు పోయినప్పుడల్లా పొలాలు కూడా పోయేవి. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి పొలం నుంచీ ఎక్కించేవాళ్ళు. సగం ఎక్కేసరికి మళ్ళీ కరెంటు పోయేది. ఇట్లా ఓ ఏడాది గడిచాక ప్రభుత్వం జనరేటరు కొనే ఆలోచన చేసి, అది చాలా చిన్న ఆలోచనగా తోచడంతో మానుకుని, ఒక కొత్త శాఖను పెట్టింది. దాని పేరు భూస్థితి పరిరక్షణ మరియు పునర్జాగరణ విభాగం. దానికి ప్రత్యేక అధికారి చిదంబరరావు.

చిదంబరరావు ఊరికి వచ్చి బడి ఆవరణలో షామియానా కింద రైతులందరినీ కూర్చోబెట్టాడు. ఆయన వెంట ప్రోగ్రాం రాసే అమ్మాయి ఫర్జానా కూడా వచ్చింది. ముందు ఆమె లేచి మామూలు మాటల్లో చెప్పింది.

"ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు మీ పొలం అందులో ఒక వస్తువులాగా బతికి ఉంటుందండీ. దానికి కొలత ఉంటుంది, హద్దులుంటాయి, బోరు ఉంటుంది, యజమాని ఉంటాడు. ప్రోగ్రాం ఆగిపోతే ఆ వస్తువు కూడా పోతుంది. అందుకని ఆపే ముందే దాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్లోకి దించి దాచేస్తాం. కావలసినప్పుడు ఆ ఫైలు చదివి మళ్ళీ లేపుతాం. దాచినప్పుడు ఎట్లా ఉందో లేచినప్పుడూ అట్లాగే ఉంటుంది."

కోటిలింగం భార్య నాగరత్తమ్మ కొంగు సర్దుకుని లేచింది. "అంటే ఒడియాలు ఎండబెట్టి డబ్బాలో పోసుకుని, కావాలన్నప్పుడు ఏయించుకున్నట్టు. అంతేగా తల్లీ?"

"దాదాపు అంతేనమ్మా."

పొలాలను ఒడియాలతో పోల్చడం చిదంబరరావుకు నచ్చలేదు. మైకు తీసుకుని, ఫైల్లోకి దించడాన్ని యోగనిద్ర అనీ, తిరిగి లేపడాన్ని సుప్రభాతం అనీ విభాగం నామకరణం చేసినట్టు ప్రకటించాడు.

ఫర్జానా నెమ్మదిగా ఆయన పక్కకు జరిగింది. "సార్, ఒక్కటి తేల్చాలి. ప్రతి వివరమూ దాచక్కర్లేదు. ఏవి తాత్కాలికమో చెబితే వాటికి గుర్తు పెడతాను. గుర్తు పెట్టినవి ఫైల్లోకి వెళ్ళవు. ఇవాళ ఎండ ఎంత, ఇప్పుడు తెర మీద ఎవరు చూస్తున్నారు, అట్లాంటివి."

ఆమె చెవిలో చెప్పిందే గాని మైకు పక్కనే ఉండటంతో ఊరంతా వింది. అంతమంది వింటుండగా ప్రశ్న పడితే చిదంబరరావు లాంటి మనిషి ఎండ గురించి మాట్లాడి ఊరుకోలేడు. కళ్ళజోడు తీశాడు.

"అమ్మాయీ! ఈ భూమి మన తాతముత్తాతల కంటే ముందున్నది. మన మునిమనవల తర్వాత కూడా ఉండగలదు. హద్దులు శాశ్వతం. బోరు శాశ్వతం. మధ్యలో వచ్చి 'నాది, నాది' అని కొట్టుకునే ఈ జీవుడెవరు? అద్దెకు దిగినవాడు. యజమాని తాత్కాలికం. గుర్తు పెట్టు."

"సార్, యజమానిని గనక..."

"పెట్టమన్నాను."

షామియానా చప్పట్లతో ఊగిపోయింది. కోటిలింగం అయిదో తరగతిలో బడి మానేసిన మనిషి. అంత పెద్ద ఆఫీసరు నోటి నుంచి అంత పెద్ద మాట వినేసరికి ఆయనకు ఒళ్ళు పులకరించింది. అందరికంటే గట్టిగా, అందరూ ఆపాక కూడా కాసేపు, ఆయనే కొట్టాడు.

యోగనిద్ర నాడు సర్వేయరు జోజప్ప ట్యాబు పట్టుకుని గట్టు గట్టునా తిరిగాడు. ఒక్కో పొలం ముందు నిలబడి అర నిమిషం వీడియో తీసుకోవడం, ఒక మీట నొక్కడం. పొలం నిద్రపోయేది. కోటిలింగం అప్పుడు చేలో లేడు. మోటారు కాలిపోతే దాన్ని సైకిలు మీద వేసుకుని నరసరావుపేట పోయాడు. చేలో జొన్న ఉంది, బోరు ఉంది, పిట్టలు వాలకుండా నడిమధ్యన పాతిన దిష్టిబొమ్మ ఉంది. రెండు కర్రలు, ఎండుగడ్డి, బోర్లించిన కుండ, దానికి సున్నంతో కళ్ళూ మీసాలూ. ఒంటి మీద ఏడుకొండలు ఇచ్చిన చిలకపచ్చ చొక్కా. ఆ రంగు చూసి చిలకలు తమవాడే అనుకున్నాయో ఏమో, మామూలు కంటే ఎక్కువే వచ్చేవి.

సుప్రభాతం నాడు పొలాలన్నీ కంప్యూటరులో చక్కగా లేచాయి. కొలతలు లేచాయి, హద్దులు లేచాయి, బోర్లు లేచాయి. యజమాని అన్నచోట మాత్రం అన్నిటికీ ఖాళీ.

రైతులు ఆఫీసు మీదికి పోయారు. చిదంబరరావు చలించలేదు. సాయంత్రానికల్లా ఉత్తర్వు అంటించాడు. "యజమాని స్థానము ఖాళీగా కనుపించిన యెడల, యోగనిద్రా సమయమున సదరు భూమిపై నిలిచియున్న మానవాకారమునే యజమానిగా భావించవలెను. ఏలయనగా, అన్యుల భూమిలో ఊరకే నిలబడువారు ఉండరు."

ఊళ్ళో ఆ వారమంతా తిరనాళ్ళే. కలుపు తీయను పోయిన ఆడవాళ్ళు తెల్లారేసరికి ఆసాములైపోయారు. శేషగిరి గారి పదకొండెకరాలు గొర్రెలు కాసే పోలయ్య పేరు మీద పడ్డాయి. ఆ సమయానికి పోలయ్య గట్టు మీద ఒంటేలుకు కూర్చున్నాడు. శేషగిరి గారు వాణ్ణి ఇంటికి పిలిపించి, అరుగు మీద కుర్చీ వేయించి, పూటకో కోడిని కోయించారు.

"ఏరా పోలయ్యా, సంతకం పెడతావా మరి?"

"పెడతానయ్యా, పెట్టకేం. రేపు కూడా కూరొండితే ఎల్లుండి పెడతా."

చివరికి పెట్టాడు. కలుపు తీసేవాళ్ళూ పెట్టారు. ఎవరి పొలం వాళ్ళకొచ్చింది. మనుషులతో వచ్చిన చిక్కు గనుక మనుషులతోనే తీరిపోయింది. కోటిలింగం వీళ్ళందరినీ చూసి కడుపు పట్టుకుని నవ్వుకున్నాడు, తన పాసుపుస్తకం చేతికొచ్చేదాకా. అందులో యజమాని పేరున్నచోట 'మానవాకారం, చిలకపచ్చ చొక్కా' అని ఉంది.

ఆ పొలం ఆయన తండ్రి గుట్ట కింద రాళ్ళేరి, గడ్డపారతో తవ్వి చేసింది. అది తప్ప కోటిలింగానికి భూమ్మీద ఇంకేమీ లేదు.

ఆఫీసుకు పోతే గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "యజమానిని తీసుకురా. ఆయనొచ్చి బదలాయిస్తే నీకొచ్చిద్ది."

"బొమ్మండీ అది."

"ఎవరైతే ఏందయ్యా, తీసుకురా."

కోటిలింగం బొమ్మను పెరికి, భుజాన వేసుకుని, ఆటో ఎక్కించుకుని పోయాడు. చిదంబరరావు దాన్ని చూసి కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. భూమి గలవాడు వస్తే సర్దుకుని కూర్చోవడం ఆయనకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అలవాటు.

"యజమానిని కూర్చోబెట్టండి."

మోకాళ్ళు లేవు గనుక బొమ్మను కుర్చీకి వాల్చారు. కోటిలింగాన్ని ఎవరూ కూర్చోమనలేదు.

"తమరి భూమిని కోటిలింగం అను ఈ వ్యక్తికి బదలాయించుటకు తమకు సమ్మతమేనా?" అని చిదంబరరావు బొమ్మను అడిగాడు.

పంకా గాలికి చిలకపచ్చ చేతులు కొద్దిగా కదిలాయి.

"దాన్నేం అడుగుతారయ్యా," అన్నాడు కోటిలింగం. "నా చేతుల్తో కట్టిన బొమ్మది. రెండు కర్రలు, ఇంత గడ్డి. ఆ కుండ మా ఇంట్లో చారు కాచుకునే కుండ."

"మిమ్మల్ని అడగలేదు." చిదంబరరావు టైపు చేసే మనిషి వైపు తిరిగాడు. "రాసుకోండి. సదరు యజమానిని ముఖాముఖి విచారించగా, ఆయన సమ్మతి తెలుపలేదు."

"బొమ్మ మాట్లాడిద్దా సారూ?"

"మాట్లాడకుండా ఉండుట యజమాని హక్కు."

కోటిలింగం బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "సారూ, మీరు చదువుకున్నోళ్ళు. మీ కళ్ళతో మీరు చూసి చెప్పండి. అక్కడున్నది మనిషా, బొమ్మా?"

చిదంబరరావు నిజంగానే చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నా కంటికి కనిపించేది సాక్ష్యం కాదు. ఫైలులోంచి లేచినదే సాక్ష్యం. ఇంకొక మాట. యజమానిని ఆయన భూమి నుంచి పెరికి తీసుకురావడం నేరం కిందికి వస్తుంది. ఈసారికి క్షమిస్తున్నాను. ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడే నిలబెట్టండి. ఆయన వేషభాషల్లో ఎట్టి మార్పూ జరగరాదు."

కోటిలింగం మళ్ళీ ఆటో ఎక్కించి, తెచ్చి, పాత గుంటలోనే పాతాడు. ఆ నెలలో రైతులకిచ్చే విత్తనాల సంచిని ఊరి వ్యవసాయ సహాయకుడు తెచ్చి బొమ్మ చేతికి తగిలించి, ఫొటో తీసుకుని పోయాడు. సంచిని కోటిలింగం ముట్టుకోలేదు. ముట్టుకుంటే దొంగతనమవుతుందని భయం. విత్తనాలు పిట్టలు తిన్నాయి.

"వాడే నయం," అంది నాగరత్తమ్మ అన్నం పెడుతూ. "ఎండనకా వాననకా చేలోనే పడుంటాడు. నువ్వు ఆ రోజు చేలో ఉండుంటే ఇంతవరకూ వచ్చేదా?"

"మోటారు ఎవరు చేయించేదే మరి? నీ తమ్ముడా?"

"వాణ్ణెందుకు లాగుతావు మధ్యలో."

మధ్యలోకి వాడే వచ్చాడు. ఏడుకొండలుకు మండలం ఆఫీసు ఎదురుగా జిరాక్సు కొట్టు ఉంది. ఆఫీసులో జరిగేవన్నీ ముందు తనకు తెలిసి, తర్వాత ఆఫీసరుకు తెలుస్తాయని వాడి నమ్మకం. పంట కోతకు ముందు పొలాలన్నిటినీ మరొక్కసారి నిద్రపుచ్చుతారన్న కబురు వాడే తెచ్చాడు.

కోటిలింగం వెళ్ళి ఫర్జానాను అడిగాడు. ఆమె కంప్యూటరు గది గుమ్మంలో నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "పాత ఫైలును నేను మార్చలేనండీ. కానీ ఈసారి కొత్త ఫైలు తయారవుతుంది. బొమ్మను తీసేసి ఆ చోటులో మీరుండండి. నిలబడిపోకండి. అటూ ఇటూ నడవండి, చేతులూపండి. జోజప్ప గారు పలకరిస్తే పేరు చెప్పండి. అంతే చాలు."

ఆ మాట పట్టుకుని ఆయన ఇంటికి సంతోషంగా వచ్చాడు. అరుగు మీద ఏడుకొండలు కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉన్నాడు. విని, పెదవి విరిచాడు.

"ఆ పిల్లకేం తెలుసు బావా! ప్రోగ్రాం రాయటం తెలుసు, అంతేగా. ఆఫీసు నడవడి తెలుసా? చిదంబరరావు నీతో ఏమన్నాడు? యజమాని వేషం మారగూడదన్నాడా లేదా?"

"అన్నాడు."

"నువ్వు తెల్ల చొక్కా ఏసుకుని చేలో ఊపుకుంటా తిరిగావనుకో. పాత ఫైల్లో ఒకడు, కొత్త ఫైల్లో ఇంకోడు. పాతోడేమయ్యాడంటారు. నువ్వే చంపావంటారు. కేసయిద్ది బావా. అదే చొక్కా తొడుక్కో. అక్కడే నిలబడు. అట్టాగే చేతులు చాపు. చూసేవోడికి యజమాని ఆయనే. లోపలున్నది నువ్వు. రేపు ఆఫీసులో నువ్వు నోరు తెరిచి సంతకం పెట్టావంటే, యజమానే సంతకం పెట్టినట్టు."

"ఆ అమ్మాయి నడవమంది."

"నడిస్తే బొమ్మ కాదని తెలిసిపోదా?"

నాగరత్తమ్మ లోపలి నుంచి అరిచింది. "తెలవాలనేగదరా నిలబడేది!"

"నువ్వూరుకోవే అక్కా. ఆఫీసు ఎవ్వారాలు నీకు తెలవ్వు."

కోటిలింగానికి భార్య మాటా సబబుగానే తోచింది, బావమరిది మాటా సబబుగానే తోచింది. అయితే భార్యకు జిరాక్సు కొట్టు లేదు.

రెండో యోగనిద్ర నాడు ఎండ మాడ్చేస్తోంది. బొమ్మను పశువుల కొట్టంలో పడుకోబెట్టి, చిలకపచ్చ చొక్కా తొడుక్కుని, వీపుకు ఒక అడ్డకర్ర కట్టించుకుని, కోటిలింగం జొన్నచేను నడుమ చేతులు చాపి నిలబడ్డాడు. చొక్కా ఆయనకూ బిగుతే. చంకల్లో పట్టేసింది. గట్టు మీద ఒక పక్క భార్య, ఒక పక్క బావమరిది.

జోజప్ప వచ్చాడు. ట్యాబు ఎత్తి, దించాడు.

"ఎవురది? కోటిలింగం, నువ్వేనా?"

కోటిలింగం కదల్లేదు.

"ఓయ్, నువ్వేనా అంట? నువ్వయితే నువ్వని చెప్పు, మనిషని రాసుకుంటా. ఇక్కడ గడి కూడా ఉంది రాయటానికి."

గట్టు మీద నాగరత్తమ్మ లేచి నిలబడింది. "చెప్పవయ్యా! నోరు లేదా నీకు?"

ఏడుకొండలు పెదాల మీద వేలు పెట్టుకుని కళ్ళతో గట్టిగా వద్దన్నాడు.

కోటిలింగానికి ముక్కు దురద పెట్టింది. ఒక గోరింక వచ్చి ఎడమ చేతి మీద వాలి, ఎంతో తీరిగ్గా రెట్ట వేసి పోయింది. ఆయన రెప్ప వేయలేదు. జీవితంలో ఏ పనీ అంత నిష్ఠగా చేసి ఎరగడు. జోజప్ప అర నిమిషం వీడియో తీసుకుని, తల అడ్డంగా ఊపుతూ మీట నొక్కి, పక్క చేలోకి పోయాడు.

"గెలిచావు బావా!" అన్నాడు ఏడుకొండలు.

రెండో నిద్రకు ముందే సంగతి పేపర్లో పడి ఉంది. ఆ మండలంలో దిష్టిబొమ్మలకు పాసుపుస్తకాలిచ్చారని ఫొటోతో సహా వేశారు. పైనుంచి చిదంబరరావుకు తాఖీదు వచ్చింది. ఆయన దానికీ చలించలేదు. వారంలోపే ప్రోగ్రాం రెండో కూర్పు తెప్పించాడు. దిష్టిబొమ్మల బెడద శాశ్వతంగా తొలగించడానికి అది రెండు యోగనిద్రల ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెంటిలోనూ అదే చోట, అవే బట్టలతో, కదలకుండా ఉన్న ఆకారాన్ని బొమ్మగా తేలుస్తుంది. బొమ్మకు యాజమాన్యం చెల్లదు. యజమాని లేని భూమి ప్రభుత్వానిది.

మండలంలో అట్లాంటి ఆకారాలు చాలానే ఉండొచ్చని అనుకున్నారు. కానీ పేపరు చూసిన రైతులందరూ రెండో నిద్రకు ముందే తమ బొమ్మలను పీకేసి, తామే చేలో నిలబడి, జోజప్పను చూసి చేతులూపారు. కోటిలింగం పేపరు చదవడు. మండలం మొత్తానికి ఒక్క బొమ్మ తేలింది.

ఈసారి ఆయన ఆఫీసులోకి పోయినప్పుడు ఒంటి మీద ఆ చొక్కాతోనే పోయాడు, ఆధారంగా ఉంటుందని.

"సారూ, అది నేను! చేలో నిలబడింది నేనే. ఇదిగో చొక్కా. ఇదిగో చెయ్యి, చూసుకోండి, గోరింక రెట్ట మచ్చ కూడా ఇంకా పోలేదు."

చిదంబరరావు ఓపిగ్గా విన్నాడు. తప్పు చేసేవాళ్ళకు ఓపిక తక్కువంటారు గాని, ఆయనకు ఎంతైనా ఉంది.

"కోటిలింగం గారూ, మీ ఆవేదన విభాగం అర్థం చేసుకున్నది. తర్కబద్ధంగా ఆలోచిద్దాం. ఫైలులో ఉన్న ఆకారం మీరే అంటారా?"

"నేనే సారూ."

"ఆ ఆకారం బొమ్మ అని తేలినది. మీరే ఆ ఆకారమైతే మీరు బొమ్మ. బొమ్మకు అర్జీ పెట్టుకునే హక్కు లేదు. పోనీ, ఆ ఆకారం మీరు కాదంటారా?"

కోటిలింగం పక్క బల్ల దగ్గరున్న ఫర్జానా వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"కాదంటే, రెండు నిద్రలలోనూ ఆ భూమి మీద లేని మనిషికి ఆ భూమితో ఏ సంబంధమూ లేదు. ఏదో ఒకటి చెప్పండి, రాసుకుంటాం."

"నేను మనిషిని సారూ. మాట్లాడతన్నాను గదా."

"ఇప్పుడు మాట్లాడుతున్నారు," అన్నాడు చిదంబరరావు, నిజంగానే జాలిపడుతూ. "జోజప్ప అడిగినప్పుడు మాట్లాడవలసినది."

బయటికి వస్తే ఎదురుగా జిరాక్సు కొట్టులో ఏడుకొండలు ఎవరికో ఏదో సలహా చెబుతున్నాడు. బావను చూసి, మాట ఆపి, లోపలికి పోయాడు.

తర్వాత ఆ చేలో విభాగం వాళ్ళు ముళ్ళకంచె వేసి, నీలం బోర్డు పాతారు. జొన్న కోసుకున్నారో లేదో తెలియదు. పిట్టలు మాత్రం బాగా వాలుతున్నాయని నాగరత్తమ్మ చెప్పింది. ఆమె ఇప్పుడు శేషగిరి గారి చేలో కలుపుకు పోతోంది. ఆ దారిలోనే పోవాలి. పశువుల కొట్టంలో బొమ్మ ఇంకా అట్లాగే పడుకుని ఉంది. చారు కుండను మాత్రం ఆమె ఊడదీసి, తోమి, మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది.

శ్రావణంలో ఏడుకొండలు ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, చూరు వంక చూస్తూ అసలు సంగతి చెప్పాడు. ఒళ్ళు తగ్గిందట. తోడల్లుడి కూతురి పెళ్ళి ఉందట.

"బావా, ఏమీ అనుకోకు. ఆ చిలకపచ్చ చొక్కా ఉందా? నువ్వెటూ తొడుక్కోవుగా."

కోటిలింగం లోపలికి పోయి, దండెం మీది చొక్కా తీసి, మడత పెట్టి, చేతికిచ్చాడు. అంచేత ఆయన సొమ్ములో బావమరిది దగ్గర ఏమీ లేదు, బావమరిది సొమ్ములో ఆయన దగ్గర ఏమీ లేదు. విభాగం దగ్గర మాత్రం ఉంది. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై మూడు, గుట్ట కింద మెట్ట, బోరుతో సహా, ఒక ఎకరం ముప్పై ఏడు సెంట్లు.